పిల్లల క్యాంపులు, పెద్దల భయాలు

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



నేను చరిత్రకారుణ్ణి కానండీ. కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ దగ్గర ఉంటూ, ఇన్సూరెన్సు కంపెనీల పాత ప్రోగ్రాములకు మాట్లు వేసుకుని బతికే ఐ.టి. కన్సల్టెంటుని. అయినా ఇవాళ కాసేపు చరిత్ర మాట్లాడదామని వచ్చాను. దానికి కారణం ఒక స్ప్రెడ్‌షీటు.

బడికెళ్ళే పిల్లలున్న ఇళ్ళలో వేసవి ఎప్పుడు మొదలవుతుందో మీకు తెలుసు. జనవరిలో! బయట మంచు మోకాలి లోతున ఉండగానే మా ఆవిడ అడుగుతుంది: "ఏమండీ, ఎదురింటి వాళ్ళు అప్పుడే డిపాజిట్ కట్టేశారట. మనం ఎప్పుడు చూస్తాం?" జూన్ మధ్యలో బడి మూసేస్తారు. మళ్ళీ తెరిచేది ఆగస్టు చివర. మధ్యలో పది వారాలు. ఇద్దరం ఉద్యోగాలకు పోవాలి. మా వాడికి తొమ్మిదేళ్ళు. ఇంట్లో ఒంటరిగా వదిలే వయసూ కాదు, డేకేర్‌లో పడుకోబెట్టే వయసూ కాదు. ఇండియాలో అయితే నాయనమ్మ ఉంటుంది, పెద్దమ్మ ఉంటుంది, వీధి ఉంటుంది. ఇక్కడ ఉండేది క్యాంపు.

వృత్తి ధర్మం కొద్దీ ఒక స్ప్రెడ్‌షీటు తయారు చేశాను. వరసకి ఒక క్యాంపు. ఫీజు, వేళలు, దూరం, బస్సు ఉందా, మధ్యాహ్నం భోజనం మనమే కట్టాలా, ఏం నేర్పుతారు... ఇలా గళ్ళు. చివర "నీళ్ళు" అని ఒక గడి. చెరువో, సరస్సో, పెద్ద ఈతకొలనో ఉన్న క్యాంపులకు అందులో ఎర్ర రంగు పూశాను. మా ఆవిడ చూసి, "ఈ ఎరుపు ఏమిటండీ?" అంది. "ఏం లేదులే" అన్నాను. ఆ గడి దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తాను.

అంతకు ముందటి వేసవిలో మావాణ్ణి రెండు వారాలు కోడింగ్ క్యాంపులో వేశాను. ఒక ఆఫీసు భవనంలో కిటికీల్లేని గది. పిల్లలంతా వరసగా తెరల ముందు కూర్చుంటారు. ఫీజు సంగతి అడక్కండి. మూడో రోజు సాయంత్రం కారులో వాడు అన్నాడు, "నాన్నా, స్కూల్లో అయితే కనీసం రిసెస్ ఉంటుంది కదా!" నేను నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. అసలు ఈ క్యాంపు అనేది ఎవరు కనిపెట్టారు, ఎందుకు కనిపెట్టారు అని లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒక సంగతి అర్థమైంది. ప్రతి క్యాంపు వెనకా పెద్దవాళ్ళ భయం ఒకటి ఉంది. పిల్లలు ఏమైపోతారో అన్న భయం. ఏ కాలానికి ఆ భయం, ఏ కులాసా వాళ్ళకి ఆ భయం.

ముందు సెలవుల సంగతి చూద్దాం. అమెరికాలో వేసవి సెలవులు ఎందుకొచ్చాయి అని ఎవరినడిగినా, "పిల్లలు పొలం పనులకు సాయం వెళ్ళాలి కాబట్టి" అంటారు. నేనూ అదే నమ్మాను. వ్యవసాయం ఎరిగినవాళ్ళు ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు, అది పొసగదని తెలుస్తుంది. విత్తనాలు వేసేది వసంతంలో, కోతలు శరత్కాలంలో. అందుకే 19వ శతాబ్దంలో ఇక్కడి పల్లెటూరి బడులు ఆ రెండు కాలాల్లో మూసేసి, చలికాలం ఒక టర్మూ, ఎండాకాలం ఒక టర్మూ నడిపేవి. నగరాల్లో అయితే దాదాపు ఏడాది పొడుగునా బడే. 1842లో డెట్రాయిట్ బడులు 260 రోజులు పనిచేసేవి. ఇప్పుడు మన కనెక్టికట్ చట్టం అడిగేది 180 రోజులు. ఆ తర్వాత నగరాలు తమ సెలవుల్ని, పల్లెలు తమ టర్ముల్ని సర్దుకుంటూ వచ్చి ఒక మధ్యస్థమైన క్యాలెండరు దగ్గర కలిశాయి. ఎండల్లో ఇటుక గోడల బడిగదులు ఉడికిపోయేవి. కలిగినవాళ్ళు ఎలాగూ కొండలకో సముద్రపు గట్టుకో పోయేవాళ్ళు. ఎక్కువ చదివితే పిల్లల మెదడు అలిసిపోతుందని నమ్మిన పెద్దలు కూడా ఉన్నారు. కెన్నెత్ గోల్డ్ అనే చరిత్రకారుడు 2002లో ఈ విషయం మీద ఒక పుస్తకమే రాశాడు. అంటే ఈ పది వారాల ఖాళీని రైతులు అడగలేదు, నగరాలూ బడుల అధికారులూ కలిసి తయారు చేశారు. ఖాళీ వచ్చింది కాబట్టి దాన్ని దేంతో నింపాలన్న ప్రశ్న కూడా వచ్చింది.

మొదటి జవాబు మాకు గంట ప్రయాణం దూరంలోనే పుట్టిందని తెలిసి ఆశ్చర్యపోయాను. కనెక్టికట్ పడమటి కొండల్లో వాషింగ్టన్ అనే చిన్న ఊరుంది. రాజధాని వాషింగ్టన్ కాదు. అక్కడ ఫ్రెడరిక్ విలియం గన్ అనే ఉపాధ్యాయుడు 1850లో ఒక బడి పెట్టాడు. ఆయన బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు. ఆ కారణంగానే సొంత ఊరివాళ్ళు ఆయన్ని వెలివేసినట్టు చూస్తే, కొన్నాళ్ళు పెన్సిల్వేనియా పోయి పాఠాలు చెప్పుకుని తిరిగొచ్చాడు. 1861 ఏప్రిల్‌లో ఇక్కడ అంతర్యుద్ధం మొదలైంది. బడిలో మగపిల్లలకు ఒకటే యావ, సైనికుల్లాగా కవాతు చేయాలి, గుడారాల్లో పడుకోవాలి. గన్, ఆయన భార్య అబిగేల్ ఆ వేసవిలో బడి మొత్తాన్ని వెంటబెట్టుకుని దాదాపు నలభై మైళ్ళ దూరంలో మిల్‌ఫర్డ్ దగ్గరున్న సముద్రపు ఒడ్డుకు నడిపించారు. రెండు వారాలు పడవలు, చేపలు పట్టడం, రాత్రిళ్ళు మంట చుట్టూ కబుర్లు. అది ఎంత నచ్చిందంటే పన్నెండేళ్ళ పాటు కొనసాగించారు. అమెరికా క్యాంపుల చరిత్ర రాసేవాళ్ళు చాలామంది దీన్నే మొదటిదిగా లెక్కపెడతారు. ఆ బడి ఇప్పటికీ ఉంది, ఫ్రెడరిక్ గన్ స్కూల్ అన్న పేరుతో.

ఒక ఆదివారం మావాణ్ణి కారులో అక్కడికి తీసుకెళ్ళాను. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. ఊరి మధ్య పచ్చిక మైదానం, తెల్లటి చర్చి, బడి భవనాలు. "నలభై మైళ్ళు నడిచారా? ఐ-ప్యాడ్ లేకుండా?" అన్నాడు వాడు. నాకైతే ఇంకోటి తట్టింది. యుద్ధం జరుగుతున్న కాలంలో పిల్లల్ని సముద్రపు గట్టుకు పంపడానికి ఆ తల్లిదండ్రులు ఎలా ఒప్పుకున్నారా అని.

ఆ తరవాత ఇరవై పాతికేళ్ళలో రెండు రకాల భయాలు రెండు రకాల క్యాంపుల్ని పుట్టించాయి. 1881లో ఎర్నెస్ట్ బాల్చ్ అనే కుర్రాడు, ఇంకా కాలేజీ విద్యార్థే, న్యూ హాంప్‌షైర్‌లోని స్క్వామ్ సరస్సు మధ్య ఒక దీవిలో చొకోరువా అనే క్యాంపు పెట్టాడు. ధనవంతుల పిల్లలు వేసవంతా హోటళ్ళ వరండాల్లో నౌకర్ల చేత సేవ చేయించుకుంటూ పాడైపోతున్నారని ఆయన బాధ. అందుకని అక్కడ నౌకర్లు లేరు. వంట, గిన్నెలు తోమడం, పడవలు బాగుచేయడం అన్నీ పిల్లలే. జేబు ఖర్చు సరిపోకపోతే పని చేసి సంపాదించుకోవాలి, లెక్కలకు ఓ చిన్న బ్యాంకు కూడా నడిపారు. 1889లో అది మూతపడింది గానీ దాని పోలికలు తరవాత వచ్చిన క్యాంపులన్నిటిలో మిగిలాయి. ఈసారి మీ అమ్మాయి క్యాంపు నుంచి వచ్చి "ఈ వారం డైనింగ్ హాల్ బల్లలు తుడిచే వంతు మాది" అంటే, "ఇంత ఫీజు కట్టి పని చేయిస్తారా" అని గొణుక్కోకండి. అది నూట నలభై ఏళ్ళ నాటి ఆచారం.

రెండోది పేదపిల్లల గురించిన భయం. న్యూయార్క్ అద్దె కొంపల్లో గాలీ వెలుతురూ లేక, క్షయతో, విరేచనాలతో పిల్లలు చచ్చిపోయే కాలం అది. 1877లో విల్లార్డ్ పార్సన్స్ అనే మతబోధకుడు పెన్సిల్వేనియాలోని తన పల్లెటూరి చర్చి వాళ్ళను అడిగి, అలాంటి పిల్లల్ని వేసవిలో వాళ్ళ ఇళ్ళలో ఉంచే ఏర్పాటు చేశాడు. అదే ఫ్రెష్ ఎయిర్ ఫండ్. ఇక 1885లో సమ్నర్ డడ్లీ అనే ఆయన వై.ఎం.సి.ఎ. తరఫున ఏడుగురు కుర్రాళ్ళను న్యూయార్క్ రాష్ట్రంలో ఆరెంజ్ లేక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన పేరు మీద క్యాంపు డడ్లీ ఇంకా నడుస్తూనే ఉంది. మన ఊళ్ళో వై వాళ్ళ డే క్యాంపుకి పిల్లల్ని పంపేవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, అది ఈ చెట్టుకు కాసిన కాయే.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఎక్కువ మగపిల్లలే ఉన్నారని ఆడపిల్లల తల్లులు గమనించే ఉంటారు. ఆడపిల్లల్ని అడవిలో పడుకోబెట్టడమేమిటి అని ఈ దేశంలోనూ అన్నారు. న్యూ హాంప్‌షైర్‌లో లారా మట్టూన్ అనే ఉపాధ్యాయిని 1902లో ఆడపిల్లల కోసం కెహోంకా అనే క్యాంపు పెట్టింది. 1910లో క్యాంప్ ఫైర్ గర్ల్స్, 1912లో గర్ల్ స్కౌట్స్ వచ్చాయి. మనం ఇప్పుడు "ఆడపిల్ల, రాత్రిళ్ళు బయట ఎలా?" అని తటపటాయిస్తే, నూట పాతికేళ్ళ కింద ఇక్కడి అమ్మమ్మలూ అదే అన్నారని గుర్తుపెట్టుకోండి.

ఒక తమాషా చెప్తాను. ఒక క్యాంపు చూడ్డానికి వెళ్ళినప్పుడు అక్కడ గుడిసెలకు ఆదివాసుల తెగల పేర్లు పెట్టి ఉన్నాయి. చూపించే అమ్మాయి, "ఇది మా పాత ఇండియన్ విలేజ్" అంది. మావాడు నా చెయ్యి పట్టుకుని తెలుగులో అడిగాడు, "నాన్నా, ఇండియన్ అంటే మనమేనా?" ఆ పిల్లకు ఏం అర్థమైందో గానీ నాకు ఏం చెప్పాలో తోచలేదు.

ఆ పేర్ల వెనక కథ కూడా కనెక్టికట్‌దే. ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ అనే ప్రకృతి రచయిత కాస్ కాబ్ అనే చోట పెద్ద తోట కొనుక్కున్నాడు. ఊరి కుర్రాళ్ళు ఆయన కంచె పాడుచేసి అల్లరి చేస్తే, ఆయన పోలీసుల్ని పిలవకుండా 1902లో వాళ్ళనే తోటలోకి పిలిచి, ఆదివాసుల పద్ధతిలో తెగగా చేసి, గుడారాల్లో ఉంచి అడవి విద్యలు నేర్పాడు. ఆయనకు ఆదివాసులంటే నిజంగానే గౌరవం. కానీ అదే కాలంలో పెన్సిల్వేనియాలో కార్లైల్ బడి నడుస్తోంది, 1879 నుంచి 1918 దాకా. అక్కడ నిజమైన ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వకుండా పెంచారు. ఒకచోట తెల్లపిల్లలు ఈకలు పెట్టుకుని ఆదివాసుల ఆట ఆడారు. ఇంకోచోట ఆదివాసీ పిల్లలకు తమలా తాము ఉండడమే నేరమైంది. ఇది తెలిశాక చాలా క్యాంపులు ఆ పేర్లను, ఆ తంతులను తీసేశాయి. కొన్ని ఇంకా తీయలేదు. ఇంటికొచ్చే దారిలో మావాడికి ఈ కథ వాడి వయసుకు తగ్గట్టు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "వాళ్ళు ఇంటికి ఫోన్ చేసుకోవచ్చా?" అని అడిగాడు.

క్యాంపులు అందరినీ రానిచ్చేవి కావు. చాలా క్యాంపులు యూదుల పిల్లలకు చోటు లేదని బ్రోచర్లలోనే మర్యాద మాటల్లో రాసేవి. నల్లవాళ్ళ పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. గుమ్మం మూసినప్పుడు వాళ్ళేం చేశారన్నదే నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన భాగం. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్, మనకు అరగంట దూరం, అక్కడ విలియం డిబెరీ అనే నల్లజాతి మతబోధకుడు 1921లో నార్త్ బ్రూక్‌ఫీల్డ్‌లో సరస్సు ఒడ్డున తమ పిల్లల కోసం ఒక క్యాంపు పెట్టాడు. అదే క్యాంపు అట్‌వాటర్. ఇతర ఊళ్ళ నుంచి కూడా పిల్లలు రైలెక్కి వచ్చేవాళ్ళు.

యూదులైతే రకరకాలుగా పెట్టుకున్నారు. వాటిలో మసాద్ అనే క్యాంపు మన తెలుగువాళ్ళు తెలుసుకోవాల్సింది. ష్లోమో షుల్సింగర్ అనే ఉపాధ్యాయుడు 1941లో మొదలుపెట్టాడు. అక్కడ పొద్దున లేచిన దగ్గర్నుంచి అంతా హీబ్రూలోనే. పాఠం చెప్పేటప్పుడు మాత్రమే కాదండీ, బేస్‌బాల్ ఆడేటప్పుడు కూడా! "బంతి కొట్టు, పరిగెత్తు, అవుట్" అన్నీ హీబ్రూలో అనడానికి లేని మాటలు పుట్టించుకున్నారు. ఏ యేడు అది అని ఒకసారి ఆలోచించండి. ఐరోపాలో వాళ్ళవాళ్ళు ఊచకోతకు గురవుతున్న రోజులు. భాషే పోతుందేమో, జాతే పోతుందేమో అన్న భయం. ఆ భయంతో పిల్లలకు పాఠం కాకుండా ఆట పెట్టారు. 1981లో అది మూతపడింది. 1947లో విస్కాన్సిన్‌లో మొదలైన రామా క్యాంపులు ఇంకా నడుస్తున్నాయి. 1961లో మినెసోటాలోని కాంకార్డియా కాలేజీ జర్మన్ నేర్పడానికి ఇలాంటి పద్ధతిలోనే భాషా గ్రామం మొదలుపెట్టింది. తరవాత అక్కడ చాలా భాషలు చేరాయి.

మనం కూడా ఆ దారిలోనే ఉన్నాం కదా. సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలైంది. వారాంతపు తెలుగు తరగతులు చాలా ఊళ్ళలో ఉన్నాయి. గుళ్ళలో వేసవి శిబిరాలు పెడుతున్నారు. కానీ ఒక్క మాట, తప్పుగా అనుకోకండి. మన శిబిరాల్లో పిల్లలు "అమ్మ, ఆవు" రాస్తారు, పద్యం అప్పచెప్తారు, విరామం రాగానే ఇంగ్లీషులో అరుచుకుంటూ బయటికి పరిగెడతారు. తెలుగు బల్ల దగ్గరే ఉండిపోతుంది. మసాద్ వాళ్ళు పట్టుకున్నది ఆ విరామాన్ని. కబడ్డీ, ఏడు పెంకులాట, కోతి కొమ్మచ్చి ఆడించి, పోట్లాట కూడా తెలుగులోనే ఆడమంటే ఎలా ఉంటుందంటారు? పోట్లాడ్డానికి పనికొచ్చే భాష తొందరగా చావదు.

ఇలాంటివి మనకు మన దగ్గర లేక కాదు. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి చెప్పుకోవాలి. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపి, "రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య" అని పేరు తెచ్చుకున్న న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు, 1945లో "బాల" పత్రిక తెచ్చారు. పిల్లలు తమంత తాము ఆడి పాడే చోటు ఒకటి ఉండాలని వాళ్ళు అప్పుడే అనుకున్నారు.

నా మటుకు నాకు వేసవి అంటే తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊరు. డాబా మీద నీళ్ళు చల్లి పరుపులు, ముంజలు, మధ్యాహ్నం నిద్రపోయే పెద్దవాళ్ళు, నిద్రపోని పిల్లలు. అదంతా పదో తరగతితో సరి. పరీక్షలు అయిన వారానికే మా నాన్న నన్ను ఒక హాస్టల్లో దించి వచ్చారు. ఇంజనీరింగ్ ఎంట్రన్సు కోసం వేసవిలోనే మొదలుపెట్టే కోచింగు. పొద్దున అయిదు నుంచి రాత్రి పది దాకా. నెలకొక ఆదివారం ఇంటివాళ్ళు రావచ్చు. ఆలోచిస్తే అది కూడా క్యాంపే. దాని వెనకా ఒక భయమే ఉంది: "మనవాడు వెనకబడిపోతాడేమో." మా నాన్నని తప్పు పట్టను, ఆ చదువే నన్ను ఇక్కడికి తెచ్చింది. కానీ ఇరవై ఏళ్ళ తరవాత నా కొడుకుని కిటికీల్లేని గదిలో కోడింగుకి కూర్చోబెట్టింది నేను కాదు, ఆ భయం. వాడికి తొమ్మిదేళ్ళే అన్న సంగతి దానికి తెలీదు.

భయాలన్నీ ఉత్తవే అని చెప్పడం నా ఉద్దేశం కాదు. కొన్నిటికి లెక్క ఉంది. 1952లో ఈ దేశంలో 57 వేల మందికి పైగా పోలియో వచ్చింది. అది వేసవి జబ్బు. కొందరు నగరం నుంచి తప్పించడానికి పిల్లల్ని క్యాంపుకి పంపారు, కొందరు క్యాంపులో వస్తుందని ఆపేశారు. 1955 ఏప్రిల్‌లో సాల్క్ టీకా వచ్చాకే ఆ గుండె దడ తగ్గింది. 1965లో మేన్ రాష్ట్రంలో క్యాంపు వాళ్ళు తీసుకెళ్ళిన పడవ ప్రయాణంలో పదిహేనేళ్ళ కుర్రాడు నదిలో పోయాడు. వాళ్ళ నాన్న, మన కనెక్టికట్ ఆయనే, దేశమంతటికీ క్యాంపు భద్రత చట్టం ఒకటి కావాలని ఏళ్ళ తరబడి వాషింగ్టన్ చుట్టూ తిరిగాడు. అలాంటి చట్టం రాలేదు. ఇప్పటికీ ఏ రాష్ట్రం నిబంధనలు ఆ రాష్ట్రానివే. ఇక 2025 జూలై 4 తెల్లవారుజామున టెక్సస్‌లో గ్వాడలూప్ నదికి వరద వచ్చి, దాదాపు వందేళ్ళ చరిత్ర ఉన్న మిస్టిక్ అనే ఆడపిల్లల క్యాంపులో పిల్లలూ కౌన్సిలర్లూ కలిపి 27 మంది పోయారు. ఆ సెప్టెంబరులో టెక్సస్ కొత్త చట్టాలు చేసింది, వరద వచ్చే పల్లంలో పిల్లల గదులు ఉండకూడదని, ప్రమాదం వస్తే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోవాలని.

అందుకని క్యాంపు ఎంచుకునేటప్పుడు ఫోటోల్లో నవ్వే పిల్లల్ని చూడకండి, ఫోన్ చేసి అడగండి. రాష్ట్రం లైసెన్సు ఉందా? తరగతి గది లాంటి కార్యక్రమాలకు కొన్నిచోట్ల లైసెన్సు అక్కర్లేదు, పేరులో క్యాంపు అని ఉన్నంత మాత్రాన సరిపోదు. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ గుర్తింపు ఉందా? అది తప్పనిసరి కాదు, వాళ్ళంతట వాళ్ళు తెచ్చుకోవాలి. ఎంతమంది పిల్లలకు ఒక కౌన్సిలరు? నిరుటి కౌన్సిలర్లలో ఎంతమంది తిరిగొచ్చారు? నర్సు ఎక్కడుంటారు? రాత్రి వాన ముంచుకొస్తే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తారు? ఇలాంటివి అడిగితే విసుక్కునే క్యాంపు మనకొద్దు. డబ్బు సంగతి కూడా ఒకటి. పదమూడేళ్ళ లోపు పిల్లల డే క్యాంపు ఖర్చుకి, మీ ఉద్యోగాల వల్ల పంపాల్సి వచ్చినదైతే, పన్నులో కొంత వెసులుబాటు ఉంది. రాత్రిళ్ళు ఉండే క్యాంపుకి లేదు.

ఇప్పుడు ఆ ఎర్ర గడి. నాకు ఏడేళ్ళప్పుడు, జూన్‌లో కాలవలకు నీళ్ళు వదిలిన వారంలో, మా పెదనాన్నగారబ్బాయి కాలవలో పోయాడు. పన్నెండేళ్ళవాడు. ఆ తరవాత మా అమ్మ నన్ను కాలవ గట్టు ఎక్కనివ్వలేదు. అంత నీళ్ళున్న ఊళ్ళో పెరిగి నాకు ఈత రాదు. ఈ విషయం మా ఆవిడకు తెలుసు, మావాడికి తెలీదు. మా అమ్మకు ఫోన్లో క్యాంపు మాట చెప్తే, "ఒరే నాన్నా, పిల్లాణ్ణి నీళ్ళ దగ్గరికి పంపకురా" అంది మొదటి మాటగా. కాలవ గురించి ఇద్దరం ఏమీ అనలేదు.

చివరికి స్ప్రెడ్‌షీటు మూసి, అసలు మనిషిని అడిగాను. "నీకు ఏ క్యాంపు కావాలిరా?" వాడు తడుముకోలేదు. వాడి స్నేహితుడు వెళ్ళే సరస్సు క్యాంపు. ఒక వారం, రాత్రిళ్ళు అక్కడే. "ఎందుకు?" అన్నాను. "అక్కడ స్విమ్ టెస్ట్ ఉంటుంది నాన్నా. నేను తప్ప క్లాసులో అందరూ పాసయ్యారు" అన్నాడు. నేను ఎర్ర రంగు పూసిన ప్రతిసారీ వాడు ఏం పోగొట్టుకుంటున్నాడో అప్పుడు తెలిసింది.

ఆ క్యాంపుకి ఫోన్ చేసి నీళ్ళ గురించి అరగంట విసిగించాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మొదటి రోజే ఈత పరీక్ష, దాన్నిబట్టి చేతికి రంగు పట్టీ. ఈత రానివాళ్ళు మోకాలి లోతు దాటరు. ప్రతి పిల్లాడికీ ఒక జోడీ. ఒడ్డున బోర్డు మీద ఇద్దరి బిళ్ళలూ తగిలించాకే నీళ్ళలోకి దిగాలి. కొన్ని నిమిషాలకోసారి ఈల వేస్తే జోడీలు చేతులు పట్టుకుని పైకెత్తాలి, లెక్క సరిపోయిందాకా ఎవరూ కదలరు. మా ఊరి కాలవ గట్టున అలాంటి ఈల ఒక్కటి లేదు.

మొత్తానికి ఇలా తేల్చుకున్నాం. అయిదు వారాలు ఊరి డే క్యాంపు. రెండు వారాలు తెలుగు శిబిరం, అందులో విరామం వేళ ఆటలు ఆడించే పని నేనే ఒప్పుకున్నాను. ఒక వారం సరస్సు క్యాంపు. ఒక వారం మేమే సెలవు పెట్టి ఎటైనా పోతాం. మిగిలిన వారం ఏమీ లేదు, ఉత్త సెలవు. నేను ఇంటి నుంచే పనిచేస్తాను, వాడు విసుగెత్తి ఏం కనిపెడతాడో చూడాలి. కోడింగ్ లేదు. వెనకబడితే బడనీ.

ఈలోగా శనివారాలు పొద్దున మా ఊరి వై.ఎం.సి.ఎ. కొలనులో వాడికి ఈత పాఠాలు. అదే వేళకి పక్క వరసలో పెద్దవాళ్ళకూ నేర్పుతారట. మావాడు చూసి వచ్చి, "నాన్నా, నువ్వూ చేరు, మనం జోడీ" అన్నాడు. చేరాను. మూడు వారాలైంది. వాడు తల ముంచేస్తున్నాడు, నేను ఇంకా గట్టు వదల్లేదు.

మీ ఇళ్ళలో కూడా ఇలాంటి గడి ఒకటి ఉండే ఉంటుంది. డిపాజిట్ కట్టే ముందు దాన్ని ఒకసారి తెరిచి చూసుకోండి.